నేను ఆరో నంబరు బంతిని

నేను బాస్కెట్‌బాల్‌ని. ఆరో నంబరు. ఈ అంకె నా ఒంటి మీద గాలి రంధ్రం పక్కనే అచ్చువేసి ఉంటుంది. నా చుట్టుకొలత ఇంచుమించు 73 సెంటీమీటర్లు, బరువు 510 నుంచి 567 గ్రాముల లోపు. నేను తయారైన నాటి నియమాల ప్రకారం మగవాళ్లు ఆడే ఏడో నంబరు బంతి 75 నుంచి 78 సెంటీమీటర్ల దాకా ఉండేది, బరువు 650 గ్రాముల దాకా తూగేది. కాగితం మీద చూస్తే ఇది పెద్ద తేడాలా అనిపించదు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల అరచేతికి మాత్రం ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. 2004 నుంచి ఆడవాళ్ల అంతర్జాతీయ పోటీలన్నీ ఆరో నంబరుతోనే ఆడించాలని ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమం పెట్టింది. ఆ నియమం కల్వకుర్తి బడి గ్రౌండు దాకా రావడానికి ఇంకా పదమూడేళ్లు పట్టింది. దాన్ని తెచ్చింది నేనే.

నేను పుట్టింది పంజాబులోని జలంధర్‌లో. మన దేశంలో బంతులన్నా, బ్యాట్లన్నా అయితే మీరట్, లేకపోతే జలంధర్. ముందు గాలి నిలిచే రబ్బరు తిత్తి చేశారు. దాని చుట్టూ నైలాను దారం చుట్టారు, ఒకే పక్కకు కాకుండా అన్ని వైపులా సమానంగా. ఆ చుట్టు సరిగా లేకపోతే బంతి నేలకు కొట్టినప్పుడు పక్కకు పోతుంది. దాని మీద రబ్బరు తొడుగు వేసి వేడి అచ్చులో బిగించారు. ఆ అచ్చులోనే నా ఒంటి నిండా సన్నటి బుడిపెలు లేచాయి. చెమట పట్టిన చేతిలోంచి నేను జారిపోకుండా పట్టి ఉంచేవి అవే. చివరికి ఆరడుగుల ఎత్తు నుంచి వదిలి చూశారు. అంత ఎత్తు నుంచి పడిన బంతి 1.2 నుంచి 1.4 మీటర్ల దాకా లేవాలి. లేచాను.

2017 జూన్‌లో బడులు తెరిచిన వారంలో హైదరాబాదు దుకాణం నుంచి ఒక పీఈటీ మేడం నన్ను కొన్నది. వల సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కింది. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ దాటి కల్వకుర్తి బస్టాండులో దిగాం. జేబులోంచి తీసిన సొంత డబ్బుతో కొన్నదని తర్వాత తెలిసింది.

బడి గ్రౌండులో సిమెంటు కోర్టు ఒకటుంది. రెండు ఇనుప కంభాలు, రేకు బోర్డులు, వలలు ఊడిపోయిన రింగులు. రింగు మాత్రం ఎక్కడైనా ఒకటే: నేల నుంచి 3.05 మీటర్లు, అడ్డకొలత 45 సెంటీమీటర్లు. బెంగళూరులో ఎంతో, సిడ్నీలో ఎంతో, కల్వకుర్తిలోనూ అంతే. ఆ సంగతి మేడం పిల్లలకు మొదటి రోజే చెప్పింది. స్టోర్ గదిలో అప్పటికే ఒక ఏడో నంబరు బంతి ఉంది. ఏళ్ల తరబడి మగపిల్లలూ ఆడపిల్లలూ దానితోనే ఆడారు. ఆడపిల్లలకు గేమ్స్ పీరియడ్, మగపిల్లలకు సాయంత్రం మొత్తం. ఇది ఎవరో రాసిపెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతూ వచ్చింది. మేడం పట్టుబట్టి పొద్దున ప్రార్థనకు ముందు గంటసేపు ఆడపిల్లలకు ఇప్పించింది.

నన్ను మొదట చేతిలోకి తీసుకున్నది జట్టులో అందరికంటే పొట్టి పిల్ల. వాళ్లమ్మానాన్న బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నారు. మా పాలమూరు కూలీలు కట్టని పట్టణం ఈ దేశంలో తక్కువ. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. నన్ను రెండుసార్లు నేలకేసి కొట్టి, ఆగి చూసింది.

"మేడం, ఈ బంతి చేతుల నిలుస్తున్నది!"

"నిలుస్తది. గది మీ కొలత బంతి. గిన్ని దినాలు మీరు మొగపిల్లగాండ్ల బంతితోని ఆడిండ్రు" అన్నది మేడం.

ఆ పొద్దున నేర్పింది ఫ్రీ త్రో. వేళ్లు నా నల్ల గీతలకు అడ్డంగా పెట్టాలి. అరచేతికీ నాకూ మధ్య కాస్త సందుండాలి. మోకాళ్లు వంచి, లేస్తూ, చివరికి మణికట్టు ముందుకు విరవాలి. అలా విరిస్తే నేను వెనక్కి తిరుగుతూ గాలిలో వెళ్తాను, రింగుకు తగిలినా మెత్తగా లోపలికి పడే అవకాశం ఎక్కువ. ఏడో నంబరుతో ఆడినన్నాళ్లూ ఆ పిల్లలు బరువుకు చాలక రెండు చేతులతో ఛాతీ దగ్గర నుంచి విసిరేవాళ్లు. అలవాటైన ఆ విసురును మాన్పించడానికి మేడంకు వర్షాకాలమంతా పట్టింది. చిన్నప్పుడు తప్పు బంతి చేతికిస్తే ఎంత నష్టమో నేను దగ్గరనుంచి చూశాను. అందుకే ఈ నంబరు మాట మళ్లీ మళ్లీ ఎత్తుతున్నాను.

అదే సంవత్సరం జూలై 23 నుంచి 29 దాకా బెంగళూరులో ఫిబా మహిళల ఆసియా కప్ జరిగింది. మేడం పొద్దున్నే పేపరు పట్టుకొచ్చి కోర్టు గట్టు మీద కూర్చుని చదివి వినిపించేది. 1965లో సియోల్‌లో మొదలైన ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ ఇది. మొదటి కప్పు దక్షిణ కొరియాదే. చాలా ఏళ్లు కొరియా, చైనాలే పంచుకున్నాయి. 2013 నుంచి జపాన్ అందుకుంది. 2009లో మన చెన్నైలో కూడా జరిగింది. 2017లో పేరు ఆసియా కప్ అయింది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లూ వచ్చి చేరాయి. ఎనిమిది పెద్ద జట్లు డివిజన్ ఏలో, మిగతావి డివిజన్ బీలో. బీలో గెలిచినవాళ్లే పైకి వెళ్తారు. మనవాళ్లు అప్పుడు బీలో ఉన్నారు.

డివిజన్ బీ ఫైనల్లో భారత్ కజకిస్తాన్‌ను 75-73తో ఓడించింది. పైమెట్టులో అదే టోర్నీ ఫైనల్ ఇంకా దగ్గరగా తేలింది: జపాన్ 74, ఆస్ట్రేలియా 73. మేడం ఈ రెండు స్కోర్లూ సుద్దముక్కతో రేకు బోర్డు కింద కంభానికి రాసింది. రెండు పాయింట్లంటే ఒక్క బాస్కెట్. ఒక్క పాయింటంటే ఒక్క ఫ్రీ త్రో. పొద్దున్నే బద్ధకించి తప్పించుకునే ఒక్క ఫ్రీ త్రోకు ఎంత విలువో ఆ రెండు వరుసలు చెప్పాయి. వాన వచ్చి చెరిపేదాకా అవి అక్కడే ఉన్నాయి.

అప్పుడే చెన్నై అనితా పాల్‌దురై కథ కూడా విన్నాను. 19 ఏళ్లకే భారత జట్టు కెప్టెన్ అయింది. 2000 నుంచి 2017 దాకా దేశానికి ఆడింది, తొమ్మిది ఆసియా ఛాంపియన్‌షిప్‌లలో పాల్గొన్నది. దక్షిణ రైల్వేలో ఉద్యోగం. ఆ తర్వాత 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ రోజు రైల్వే ఉద్యోగం మాట విన్నప్పుడు ఒక పిల్ల తండ్రి, పాలు పోసి పోతూ గేటు దగ్గర ఆగినాయన, "ఆటతోని రైల్వేల నౌకరీ వస్తదా మేడం?" అని అడిగాడు. వస్తుంది. మన దేశపు ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌ను ఇన్నేళ్లుగా నిలబెట్టింది చాలావరకు రైల్వే జట్టే. ఆ మర్నాటి నుంచి ఆయన బిడ్డ ఒక్క పొద్దూ తప్పలేదు.

2019 సెప్టెంబరులో ఆసియా కప్ మళ్లీ బెంగళూరుకే వచ్చింది. ఈసారి మనవాళ్లు డివిజన్ ఏలో. పెద్ద జట్ల ముందు నిలవలేక ఎనిమిదో స్థానంలో ఆగారు. సరిగ్గా అప్పుడే దసరా సెలవులిచ్చారు. పొట్టి పిల్ల అమ్మానాన్నల దగ్గరికి బెంగళూరు వెళ్లింది. కంఠీరవ ఇండోర్ స్టేడియంకు వాళ్ల నాయనను వెంటబెట్టుకుని వెళ్లి 29న ఫైనల్ చూసింది. నేను వెళ్లలేదు, స్టోర్ గదిలో ఉన్నాను. సెలవులయ్యాక వచ్చి తోటివాళ్లకు చెప్పింది విన్నాను.

"ఏమే, ఆ జపాన్ పిల్లకు బెస్ట్ ప్లేయర్ ఇచ్చిండ్రే. నాకన్న జానెడే ఎక్కువుంటది! చైనోళ్లేమో తాడిచెట్లంత ఉన్నరు. ఈమె వాళ్ల కాళ్ల సందులకెల్లి ఉరుకుతనే ఉంటది, నిలవనే నిలవదు."

ఆ అమ్మాయి నాకో మోతోహాషి. ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆ రోజు జపాన్ చైనాను 71-68తో గెలిచి వరుసగా నాలుగో కప్పు పట్టుకుపోయింది. ఎత్తు లేనివాళ్లు బాస్కెట్‌బాల్‌కు పనికిరారన్న మాట మన ఊళ్లలో చాలామంది నోట వస్తుంది. జపాన్ ఆ మాటను మైదానంలోనే కొట్టిపారేసింది. రెండేళ్ల తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఆ జట్టే రజతం గెలిచింది. సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద రుయి మచిదా ఒక్కతే 18 అసిస్టులు ఇచ్చింది, ఒలింపిక్ రికార్డు అది. ఆమె ఎత్తు 162 సెంటీమీటర్లు. వాళ్ల పద్ధతి ఇది: పరుగు ఆపరు, పాసు ఆలస్యం చెయ్యరు, 6.75 మీటర్ల గీత బయట నిలబడి మూడు పాయింట్లు వేస్తారు. ఆ పరుగూ ఆ పాసూ వాళ్లకు బడి వయసులోనే వస్తాయి. అక్కడ హైస్కూలు పిల్లలకు ఏటా డిసెంబరులో దేశమంతా చూసే పోటీలు జరుగుతాయి.

కరోనా వచ్చిన ఏడాది గురించి చెప్పుకోవడానికేం లేదు. గాలి పోయి, ఒకవైపు నొక్కుకుపోయి, చీకట్లో ఉన్నాను. బడి తెరిచాక పిల్లలు నన్ను పంక్చర్ దుకాణానికి తీసుకుపోయారు. అక్కడ సైకిలు పంపు ఉంది గానీ బంతి సూది లేదు. రెండు దుకాణాలు తిరిగితే ఒకచోట దొరికింది. ఆ దుకాణపు తాత సూదిని తడిచేసి, నా రంధ్రంలోకి నిదానంగా దించి, గాలి కొట్టాడు. పొడి సూది దింపితే వాల్వు చిరిగిపోవచ్చు. ఆట వల్ల కాక, ఆ పొడి సూది వల్ల పాడైపోయే బంతులూ ఉంటాయి.

2021లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జరిగిన కప్పులో భారత్ ఫిలిప్పీన్స్ చేతిలో 74-70తో ఓడి, మళ్లీ డివిజన్ బీకి దిగిపోయింది. నాలుగు పాయింట్లు. మేడం ఈసారి కంభం మీద ఏమీ రాయలేదు. ఆ తర్వాతి కప్పుల సంగతులు పిల్లలు ఫోన్లలో చూసి చెప్పినవే. 2023లో సిడ్నీలో చైనా 73-71తో జపాన్ పరంపరకు అడ్డుకట్ట వేసింది. 2025లో షెన్‌జెన్‌లో ఆస్ట్రేలియా మొదటిసారి కప్పు గెలిచింది, ఫైనల్లో జపాన్ మీద 88-79తో. ఏడడుగులు దాటిన చైనా అమ్మాయి జాంగ్ జియు పద్దెనిమిదేళ్ల వయసులో అక్కడ పెద్దల జట్టులో ఆడింది. ఆమె చెయ్యెత్తి నిలబడితే చాలు, ఎగరకుండానే రింగు అందుతున్న వీడియో మా కోర్టు గట్టు మీద ఎన్నిసార్లు తిరిగిందో! పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు. ఆ తర్వాత లేచి ఆడారు. ఆడటం మానలేదన్నదే నాకు ముఖ్యం.

మనవాళ్లు పైకి వెళ్లి ఎందుకు నిలవలేకపోతున్నారని అడిగేవాళ్లకు బంతిగా నేను చూసిందే చెప్తాను. నా చుట్టూ చేరిన పిల్లల్లో చురుకు తక్కువేం లేదు. కబడ్డీ, ఖోఖో ఆడి పెరిగిన కాళ్లవి. పక్కకు తప్పుకోవడం, గిరుక్కున తిరగడం ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్లకు కరువైంది ఆడే పొద్దు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) జోనల్ సెలక్షన్లకు వెళ్తే అక్కడ ఏడాదిలో ఒకటి రెండు మ్యాచులు. జపాన్ పిల్ల ఒక్క సీజన్లో ఆడేన్ని మ్యాచులు మా పిల్లలు బడి జీవితమంతా కలిపినా ఆడరు. పదో తరగతి పరీక్షలతో సగంమంది ఆగిపోతారు. పొట్టి పిల్ల కూడా ఆగింది. జిల్లా జట్టు దాకా వెళ్లిన పిల్ల. ఇంటర్‌కు చేరిన కాలేజీలో కోర్టు లేదు, సాయంత్రం బయటి కోర్టుకు వెళ్తానంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు బడికి వచ్చి నన్ను పట్టుకుని ఫ్రీ త్రోలు వేసింది. మణికట్టు విరుపు అలాగే ఉంది, వరసగా పడ్డాయి. ఆ చెయ్యి ఖాళీగా ఉండటం నాకు చాలా బాధ.

ఇప్పుడు నా బుడిపెలన్నీ అరిగిపోయి నున్నబడ్డాను. అంకె కూడా సగం చెరిగింది. మ్యాచుకు పనికిరాను, చిన్న తరగతుల పిల్లలకు డ్రిబ్లింగు నేర్పడానికి వాడుతున్నారు. గేమ్స్ పీరియడ్‌కు కొత్త బంతి వచ్చింది, మళ్లీ ఏడో నంబరే. కొన్నవాళ్లది మంచి మనసే, నంబరు చూడాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఇది చదివేవాళ్లకు నా విన్నపం. చదివిన బడికి ఏదైనా ఇవ్వాలని పూర్వ విద్యార్థులు అనుకుంటే, పంచాయతీ వాళ్లో దాతలో ఆట సామాను కొనాలనుకుంటే, ఆడపిల్లల కోసం ఆరో నంబరు బంతులు విడిగా కొనండి. ఒకటి సరిపోదు, జట్టుకు కనీసం నాలుగైదు ఉండాలి. వాటితోపాటు ఒక పంపు, రెండు సూదులు, రింగులకు వలలు ఇవ్వండి. కోర్టు దగ్గర ఒక లైటు వేయించి, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా ఆ కోర్టు ఆడపిల్లలదని గేటు మీద రాసిపెట్టండి.