చతురక్షరీ షడంకసూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: సీ ఎన్ ఎం జీ 120408

అవతారిక: గూడెం కొత్తవీధి మండలమున కాఫీపండ్లు కోతకు వచ్చిన దినములలో, పండ్ల తోలు వలుచు పల్పరు షాఫ్టు అరిగి ఊగులాడ నారంభించెనేని, రైతు దానిని విప్పి గోనెలో చుట్టి, చింతపల్లి మీదుగా లంబసింగి ఘాటు దిగి, నర్సీపట్నమున లేతుషాపు వెదకుకొనవలసినదే, కోసిన పండు నిలువయున్న పులిసిపోవును గనుక ఈ యాత్రలో ఆలస్యము పనికిరాదు. అట్టి షాపులలో మేస్త్రీ బల్లపై, లేతున ఇనుమును కోయు బంగారువన్నె బిళ్ళలుండు చిన్న ప్లాస్టిక్ పెట్టె యొకటి కానవచ్చుట కలదు. దానిపై ముద్రితమైనదే పై సూత్రము. అంతర్జాతీయ ప్రమాణసంస్థవారి 1832 దీనికి లక్షణగ్రంథము. 1832 అనునది సంవత్సరము గాదు, ప్రమాణపు సంఖ్య. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు వ్యాఖ్యాతయగు మల్లినాథసూరి ప్రతినబూనెను. అందు మొదటిదానిని మేము తాత్పర్యము వరకే పాటింపగలము.

ప్రతిపదార్థము: సీ = ఎనుబది డిగ్రీల కోణముగల సమచతుర్భుజాకృతి గలదియు; ఎన్ = ప్రక్కలయందు వాలు లేనిదియు; ఎం = కొలతలలో మధ్యమశ్రేణి టాలరెన్సు గలదియు; జీ = నడుమ రంధ్రమును, ఇరుముఖములందును చిప్పు (కోతలో లేచు ఇనుపపొట్టు) విరుచు గాడియు గలదియు; 12 = పండ్రెండు మిల్లీమీటర్లు పైబడిన కోతయంచు గలదియు; 04 = నాలుగు పైబడిన మందము గలదియు; 08 = 0.8 మిల్లీమీటరు ముక్కు వ్యాసార్ధము గలదియు (అగు బిళ్ళ యని అధ్యాహారము).

ఇచట స్థానబలము గమనింపదగినది. మొదటి స్థానమున ఆకృతిని దెలిపిన సీకారమే రెండవ స్థానమునకు జరిగెనా, ఏడు డిగ్రీల ప్రక్కవాలును దెలుపును. నాల్గవ స్థానమున గాడిని దెలిపిన జీకారము మూడవ స్థానమున నున్నచో మిక్కిలి కచ్చితమైన కొలతను చెప్పును. ఎన్ నాల్గవదైనచో రంధ్రమును లేదు, గాడియును లేదు. కావున అక్షరములు తారుమారుగా చదివి బిళ్ళ తెప్పించుకొన్నవాడు, బిళ్ళను పట్టియుంచు హోల్డరులో కూర్చుండని వస్తువును కొని తెచ్చుకొన్నవాడగును.

శంక: ప్రక్కలకు వాలు లేని బిళ్ళ తిరుగుచున్న ఇనుమును ఒరయదా? ఒరయును, అందుచేతనే హోల్డరు దానిని సుమారు ఆరు డిగ్రీలు క్రిందికి వంచి పట్టును. వాలు లేమిచే కలిగిన లాభ మేమనగా, రెండు ముఖములును ఒక్కటే యగుటచే తిరుగవేసి వాడుకొనవచ్చును. ముఖమునకు రెండు మూలల చొప్పున నాలుగు మూలలు. నూరు డిగ్రీల మొద్దు మూలలు నాలుగును వృథాగా మిగులుచున్నవేయని బాధపడువారు వేరు హోల్డరు కొని వానినిగూడ వాడుదురు. ఇట్టివారిని లోభులనరాదు.

మరియొక శంక: యథార్థపు అంచు 12.9 మిల్లీమీటర్లుండగా పదుమూడనక పండ్రెండనుట యేల? దశాంశమును విడిచిపెట్టుట ఇచటి నియమము గనుక. మందమును 4.76 అయి కూడ 04గనే నిలిచినది. పాఠాంతరము: అమెరికా ప్రతిలో 120408కి మారుగా 432 అని యుండును. వారిది అంగుళపు లెక్క: లోవృత్తపు వ్యాసము అంగుళములో ఎనిమిదవ వంతులు నాలుగు, మందము పదునారవ వంతులు మూడు, ముక్కు అరువదినాలుగవ వంతులు రెండు. వస్తువొక్కటే, పాఠభేదమునకు వర్తకులు వేరు ధర వేయకున్న చాలును.

గాడి ప్రశంస: గాడి లేని పనిముట్టుతో మెత్తని ఉక్కును తీసినచో చిప్పు తెగక తీగసాగి, ఎఱ్ఱగా కాలి, చక్కును చుట్టుకొని, తీయబోయిన చేతిని కోయును. గాడి దానిని మడిచి విరుచును. ఆరు తొమ్మిది అంకెలవలె రాలు చిప్పులను చూచిన మేస్త్రీ మీటను వదలి బీడీ వెలిగించుకొనగలడు.

తాత్పర్యము: ఎనుబది డిగ్రీల మూలలు గలిగి, ఇరువైపుల వాడుకకు వచ్చి, మరచుట్టుతో హోల్డరున బిగింపబడి, ఒక మూల మొద్దువారిన మఱియొక మూలకు త్రిప్పుకొన వీలై, సానపట్టు శ్రమను తప్పించు బిళ్ళ యని భావము.

విశేషాంశములు: ఇంతవరకును మూలము. బిళ్ళ దేనితో చేయబడినదో, ఏ లోహమును కోయునో, ఎంత వేగమున కోయునో మూలమున ఒక్క అక్షరమైన లేదు. మేస్త్రీకి కావలసిన దదియే. దేనితో చేయబడినదన్ననో, కార్బైడుతో. అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి చేసినది 1922 ఆగస్టున; ఆ మరుసటి యేడే బెర్లినులో దీపముల సంస్థయగు ఆస్రాములో కార్ల్ ష్రోటర్, బల్బుల తంతువులను సాగదీయు అచ్చులకు వజ్రముకంటె చౌకైన వస్తువును వెదకి, టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి బిగించు పద్ధతికి పేటెంటు కోరెను. క్రుప్ సంస్థ దానిని ‘విడియా’ యను పేర అమ్మెను. మన షాపులలో నేటికిని కార్బైడు పనిముట్టు ఎవరు చేసినను విడియాయే.

ఇక లోహభేదము పెట్టెపై రంగువలన తెలియవలయును: ఉక్కుకు నీలము, పోతయినుమునకు ఎఱుపు, కంచువంటివానికి ఆకుపచ్చ. గూడెం మండలమందే యున్న సీలేరువంటి జలవిద్యుత్కేంద్రములలో కంచుబుష్షు తీయువాడు ఈ చివరి రంగును వెదకవలసియుండును. నీలములోను పీ10 అను శ్రేణి గట్టిది, త్వరగా అరుగదు, దెబ్బకు విరుగును. పీ40 దెబ్బ కోర్చును, త్వరగా అరుగును. ఆకృతిసూత్రము రెంటికిని ఒక్కటే.

వేగమన్ననో, పూతవేసిన యీ బిళ్ళ ఉక్కుపై నిమిషమునకు నూటయేబది మీటర్లైనను కోరును. ఇరువదియైదు మిల్లీమీటర్ల షాఫ్టుకు అది దాదాపు 1,900 చుట్లు. బెల్టులాగు పాతలేతు నాలుగువందలు తిరిగెనా, వచ్చునది ముప్పదియొక్క మీటరు. అంత మెల్లగా నడచిన బిళ్ళ మొనకు ఇనుపరజను అంటుకొని, ఊడునపుడు పూతను ఊడ్చుకొని పోవును, షాఫ్టు గరుకుదేరును.

“ఏటి మేస్త్రీ, ఆ బంగారం బిళ్ళతో తియ్యవేటి?” అని రైతు.

“నా మిషను దానికి చాలదు బాబూ. అది పరిగెత్తమంటాది, ఇది నడుస్తాది.”

అరిగిన షాఫ్టుకు ముందు వెల్డింగు పోసి లావెక్కింపవలయును. ఆ ఎగుడుదిగుడు గట్టి పొరపై పీ10 బిళ్ళ నాలుగు మూలలును నాలుగు దెబ్బలకు చెల్లును. కావున మేస్త్రీ, కడ్డీకి ఇత్తడితో అతికిన మొద్దు విడియాతో పై పొర చెక్కి, చివరి కోతకు హైస్పీడ్ బిట్టు సానబట్టును. పేరు హైస్పీడ్ అయినను దానికి తగిన వేగము ముప్పది మీటర్లే. పెట్టెలోని బంగారు బిళ్ళలు అమ్మవచ్చినవాడు మాదిరికని యిచ్చినవట. పాతసామాను వర్తకుడు వానిని టంగ్‌స్టన్ కొఱకు కిలోల లెక్కన అడుగుచున్నాడు, మేస్త్రీ ఇంకను బేరము తెంపలేదు.