పని రాని ఊరు

ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం జనానికి పని రాదు. ఈ సంగతి వాళ్లకింకా తెలియదు గానీ ఢిల్లీకి తెలుసు, రాయ్‌పూర్‌కీ తెలుసు. తెలుసు కాబట్టే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2013లోనే యువతకు నైపుణ్య శిక్షణను హక్కు చేస్తూ ఏకంగా చట్టమే తెచ్చింది. పాపం, అంత బెంగ!

ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి ఈ పని రాని జనం తెల్లారకుండానే అడవిలో ఉంటారు. తునికాకు కోత. ముదురాకు చెల్లదు, మరీ లేతదీ చెల్లదు, చిల్లిపడ్డది అసలే చెల్లదు. మసక వెలుతురులో కళ్లకంటే ముందు వేళ్లే ఆ తేడా పసిగడతాయి. యాభై ఆకులు ఒక కట్ట. చెయ్యి తిరిగినవాళ్లకు లెక్కపెట్టకుండానే యాభై దగ్గర చెయ్యి ఆగుతుంది. వెయ్యి కట్టలైతే బస్తా. అంటే 50 వేల ఆకులకు 5,500 రూపాయలు, ఆకుకు 11 పైసలు. కల్లంలో పరిచి, ఎండనిచ్చి, తిరగేసి, పెళుసెక్కకుండా తడి చల్లి బస్తాకెత్తడం మరో విద్య. ఇన్ని వచ్చినా వీళ్ల దగ్గర సర్టిఫికెట్ లేదు కదా, నైపుణ్యం లేనట్టే.

సర్టిఫికెట్ల సంగతి కాగ్ బయటపెట్టింది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన పద్దులు తిరగేస్తే, నూటికి తొంభై మందికి పైగా అభ్యర్థుల బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో. కొన్ని ఖాతాలకు వరసగా అన్నీ ఒకట్లే. ఒకే ఫొటో పలువురికి ముఖమైంది. యాభైకి నలభైతొమ్మిది ఆకులుంటే కల్లం మున్షీ ఆ కట్ట పక్కకు విసిరేస్తాడు. ఈ పథకం ఆయన చేతిలో పడుంటే ఒక్క కట్టా లోపలికి పోయేది కాదు.

సరే, సర్కారు సంగతి తెలిసిందే. మరి కార్మిక సంఘాలో?

ఈ రాష్ట్రంలోనే, భిలాయి కర్మాగారానికి ఇనుపరాయి పంపే దల్లీ రాజహరాలో 1977లో కాంట్రాక్టు గని కూలీలు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. నాయకుడు శంకర్ గుహా నియోగి. యంత్రాలొస్తున్నాయి, మీరిక ఇళ్లకు పొమ్మంటే వాళ్లు జిందాబాద్‌లతో సరిపెట్టలేదు. ఎక్కడ యంత్రం కావాలో, ఎక్కడ మనిషి చాలో తామే లెక్కగట్టి, సగం యంత్రాల పద్ధతిని యాజమాన్యం ముందు పెట్టారు. పలుగు పట్టిన చెయ్యి ఖర్చుల పద్దు పట్టింది. సంఘమే బడులు నడిపింది. 1983లో కూలీల చందాలతో షహీద్ ఆస్పత్రి లేచింది, గని కూలీల ఇళ్లలోని వాళ్లే అందులో ఆరోగ్య కార్యకర్తలుగా తయారయ్యారు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రపోతున్న నియోగిని కాల్చి చంపారు.

ఇదే రాష్ట్రంలోని బైలడిలా ఇనుప గనుల్లో ఇంత శ్రమ ఎవరూ పడలేదు. యంత్రాలొచ్చాయి, చేతిపని కూలీలను తీసేశారు, 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో పోలీసు తుపాకులు పేలాయి. ఖనిజం మాత్రం ఠంచనుగా రైలెక్కి విశాఖ చేరుతూనే ఉంది.

మన నాయకులకు మేడే ఉంది. తునికాకు కోత ముమ్మరంగా సాగేది అప్పుడే. జెండా ఎగిరే వేళకు కార్మికులు అడవిలో ఉంటారు కాబట్టి, నాయకులు నాయకులకే ఉపన్యాసాలిచ్చుకుంటారు.

2025 దాకా అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 15వ సెక్షన్ సంఘం సొమ్మును దేనికి ఖర్చుపెట్టొచ్చో చెప్పేది. సభ్యుల చదువునూ, పోయిన సభ్యుల అంత్యక్రియలనూ ఒకే వాక్యంలో చేర్చింది. రెండోదానికి మనవాళ్లు ఏ లోటూ రానివ్వరు: దండ, జోహార్, రెండు నిమిషాల మౌనం. మొదటిదాని పద్దు చూపమంటే మౌనం ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

తునికాకు లాభంలో 80 శాతం ఆకు కోసినవాళ్లకే బోనసుగా రావాలి. ఆ లెక్క ఎలా కడతారో, తక్కువొస్తే ఎవరినడగాలో నేర్పడానికి శిక్షణ కేంద్రం అక్కర్లేదు, కల్లం దగ్గర ఒక సాయంత్రం చాలు. అయ్యా నాయకులారా, ఆ చట్టంలో చదువే ముందుండేది, అంత్యక్రియలు తర్వాత. ఖర్చు కూడా ఆ వరసలోనే పెట్టండి.