నెమలికంఠం నిల్, చిలకపచ్చ ఫుల్

మా ఆయన సాఫ్ట్‌వేర్. అంటే, ఇంట్లో ఏ సమస్య వచ్చినా ముందు దానికో ఎక్సెల్ షీట్ పుడుతుంది. సమస్య సంగతి తర్వాత. నేను ఆన్‌లైన్‌లో మంగళగిరి చీరలు అమ్ముతాను. "ఈసారి ఎన్ని తెప్పించాలో ఏమో" అని గొణుక్కుంటుంటే ఆయన చెవిన పడింది. అంతే, ల్యాప్‌టాప్ తెరుచుకుంది.

దీనికి 1913లోనే ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు లెక్క కట్టేశాడట. 1934లో విల్సన్ అనే ఆయన దాని మీద వ్యాసం రాస్తే, జనం విల్సన్ ఫార్ములా అనడం మొదలెట్టారట. వండింది ఒకరు, వడ్డించి మెప్పు కొట్టేసింది ఇంకొకరు. మొత్తం లెక్కలో నాకు టకీమని అర్థమైంది ఈ ముక్కే.

లెక్క ఏమిటంటే, ఏడాదికి అమ్ముడయ్యే చీరల్ని ఒకసారి సరుకు తెప్పించే ఖర్చుతో గుణించి, రెట్టింపు చేసి, ఒక చీరను ఏడాదిపాటు ఇంట్లో ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. ఏడాదికి 600 చీరలు. ట్రాన్స్‌పోర్టు, హమాలీ, నా బేరాల టైమూ కలిపి ఒక్కో ఆర్డర్‌కి 1250 రూపాయలు. ఉంచే ఖర్చు చీరకి 150. జవాబు సరిగ్గా 100. అంత గుండ్రంగా వచ్చేసరికి ఆయన కాఫీ అడగడం కూడా మర్చిపోయారు.

"ఈ 150 ఎక్కడిది?" అన్నాను.

"పెట్టుబడి మీద వడ్డీ."

"మరి బీరువా? మంచం కింద అట్టపెట్టెలు? మీ అమ్మగారొస్తే హాల్లో పడుకుంటున్నారు, ఆ మాటలు నేను పడుతున్నాను. వాటికి లెక్క లేదా?"

పాపం, వెంటనే 600 చేశారు. ఖర్చు నాలుగింతలైంది కదా, చీరలు ఇరవై అయిదుకి దిగుతాయనుకున్నాను. 50 దగ్గరే ఆగింది. నాలుగింతల కోపం లోపలికి పంపితే సగం ఫలితం బయటికొస్తుంది. వర్గమూలం కనిపెట్టినవాడు కచ్చితంగా పెళ్లయినవాడే.

పైగా ఇంకో విశేషం. ఫార్ములా 100 అన్నప్పుడు 80 తెప్పించినా, 120 తెప్పించినా, తెప్పించే ఖర్చూ ఉంచే ఖర్చూ కలిపి మూడు శాతం కూడా పెరగదట. ఆ మాత్రానికి వర్గమూలం దాకా ప్రయాణం ఎందుకంటే, అదే దాని గొప్పతనం అన్నారు.

సరే, ఏడాదికి 600 అనుకుందాం. ఎప్పుడు 600? షీట్ నిరుడు ఆగస్టును చూసి ఈ ఆగస్టుకి జోస్యం చెబుతుంది. నా దగ్గర కొనేవాళ్లు ఆగస్టులో కొనరు, శ్రావణంలో కొంటారు. 2022లో శ్రావణం జులై 29న వచ్చింది. 2023లో జులై 18నే వచ్చేసింది, కానీ అది అధిక శ్రావణం. వ్రతం లేదు, పెళ్లి లేదు, చీర అసలే లేదు. నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలై, 25న వరలక్ష్మీ వ్రతం. ఇదంతా మా వంటింటి గోడ మీది క్యాలెండర్‌కి తెలుసు, షీట్‌కి తెలీదు.

"లీప్ ఇయర్ లాంటిదా?" అన్నారు మా ఆయన.

"లీప్ నెల" అన్నాను. మూఢం గురించి ఎత్తే ధైర్యం చాల్లేదు. శుక్రుడు సూర్యుడి వెలుగులో కనబడకుండా పోతే హైదరాబాద్‌లో పెళ్లి చీరల ఆర్డర్లు ఎందుకు పడిపోతాయో గ్రాఫ్ గీసి చూపించమంటారు.

ఇంకో చిత్రం. నెమలికంఠం రంగు వచ్చిన వారానికే అయిపోతుంది. ఆపైన నెలంతా దాని అమ్మకం సున్నా, ఎందుకంటే అమ్మడానికి లేదు గనక. షీట్ ఆ సున్నాని చూసి, ఈ రంగు ఎవరికీ అక్కర్లేదు కాబోలనుకుంటుంది. వాట్సాప్‌లో "నెమలికంఠం ఉందా అండీ" అన్న అక్కచెల్లెళ్లందరూ లెక్కలోకి రారు. చిలకపచ్చ మాత్రం బీరువాలో పుష్కలంగా ఉండి, అప్పుడొకటి ఇప్పుడొకటి పోతూ, స్థిరమైన డిమాండ్ ఉన్న రంగుగా మంచి మార్కులు కొట్టేస్తుంది.

తిరిగొచ్చే చీరల కథ వేరు. "ఫొటోలో ఉన్న రంగు కాదు" అని ఒకటి వాపసు వచ్చింది. మడత విప్పితే ఫాల్ కుట్టించి ఉంది. చెంగు చివర చిటికెడు పసుపు. ఫొటోలో రంగు నచ్చనివాళ్లు పసుపు పెట్టి మరీ కట్టుకోరు కదా. ఏ గృహప్రవేశంలోనో దానికి పీట వేసి భోజనం కూడా పెట్టినట్టున్నారు, కుచ్చిళ్ల దగ్గర సాంబారు సాక్ష్యం. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. షీట్ మాత్రం ఠంచనుగా స్టాకులో ఒకటి కలిపేసుకుంది.

ఇక ఎప్పుడు ఆర్డర్ పెట్టాలన్నది. సరుకు రావడానికి 20 రోజులు పడితే, ఆ 20 రోజుల్లో 33 చీరలు పోతాయి. కాబట్టి 33 మిగిలినప్పుడే చెప్పెయ్యాలి, ఆలస్యానికి ఇంకొన్ని అదనం. ఎంత అదనం? అది మంగళగిరిలో వాన మీద ఉంటుంది. గుంట మగ్గం కదా, పెద్ద వాన పడితే గుంటలోకి నీళ్లొచ్చి నేత ఆగుతుంది. చీరలు నేయించి పంపే బాబాయ్ గారు మాత్రం వానలోనూ ఎండలోనూ "ఇరవై రోజులమ్మా" అనే అంటారు.

చివరికి మా ఆయనే ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. "నెమలికంఠం 17, మామిడిపండు రంగు 11, చిలకపచ్చ వద్దండీ."

"పదిహేడు ఎట్టా వస్తయ్ బాబూ? పడుగెక్కించాక అది అయిపోయేదాకా ఆ రంగే నేస్తాం. అదిగాక ఇప్పుడు మగ్గం మీదున్నది చిలకపచ్చ పడుగు. రేటు చూసేద్దాంలే."

"ఎంత చూస్తారు?" అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి.

నేను మంచం కింద అట్టపెట్టెల్ని కాస్త లోపలికి జరపడం మొదలుపెట్టాను. ఆయన షీట్‌లో డిస్కౌంట్ అని కొత్త కాలమ్ తెరుస్తున్నారు.