తూకం నేర్చిన బ్రేకు

ఇది ఒక బ్రేకు పెడల్ తన నోటితో చెప్పుకుంటున్న కథ. విజయవాడలో ఒక మేడ మీది గదిలో, కంప్యూటరు బల్ల కింద, క్లచ్చుకీ యాక్సిలరేటరుకీ మధ్య దాని కాపురం. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో అందరూ దాన్ని ‘అది’ అనే అంటున్నారు. అందుకే తన గురించి చెప్పుకోవాల్సి వచ్చినా దాని నోటికి ‘అది’ అనే వస్తుంది.

దానికి రెండు జన్మలు. మొదటి జన్మలో దానికి తెలిసింది దూరం ఒక్కటే.

అప్పుడు దాని ఒళ్లంతా ప్లాస్టిక్కు. కంప్యూటర్లో కారు పందేల ఆటకు వాడే స్టీరింగుతో పాటు ఒకే అట్టపెట్టెలో వచ్చింది. లోపల ఒక స్ప్రింగు, పక్కన ఒక పొటెన్షియోమీటర్. పేరు పెద్దదే గానీ, పాత రేడియోలో సౌండు పెంచే నాబు వెనకాల ఉండేది కూడా ఇదే. నల్లటి కార్బన్ పూత మీద సన్నటి లోహపు వేలు ఒకటి జారుతూ ఉంటుంది. కాలు నొక్కితే చిన్న పళ్లచక్రం తిరుగుతుంది, ఆ వేలు జరుగుతుంది, వోల్టేజీ మారుతుంది. అది చూసి బ్రేకు సగం పడిందనో, ముప్పాతిక పడిందనో కంప్యూటరు లెక్క కడుతుంది. కాలు ఎంత బలంగా నొక్కిందో ఆ లెక్కలోకి రాదు. పెడల్ ఎంత వంగిందన్నదే వస్తుంది.

అసలు కారులో సంగతి వేరు. అక్కడ పెడల్ కొద్ది దూరం వట్టిగా వస్తుంది. ప్యాడ్లు డిస్కును పట్టుకున్నాక ఇక పెద్దగా కదలదు. ఆపైన కారు ఆగడమంతా డ్రైవరు ఎంత గట్టిగా తొక్కాడన్న దాని మీదే. ఫార్ములా వన్ డ్రైవర్లు పెద్ద మలుపు ముందు 100 కిలోలకు పైగా బలం వేస్తారు. మనిషి కాలికి గుర్తుండేది కూడా బలమే. కళ్లు మూసుకుని సరిగ్గా 3 సెంటీమీటర్లు నొక్కమంటే ఎవరైనా తడబడతారు. ఇందాక ఎంత గట్టిగా తొక్కావో అంతే తొక్కు అంటే కాలు దాదాపు అక్కడికే వెళ్తుంది. ఈ పెడల్‌లో ఉన్నదేమో మెత్తటి స్ప్రింగు. కాలు ఇసుమంత ఎక్కువ పడినా పెడల్ చాలా దూరం పోయేది. ఆట ఆడే ఆ ఇంటి కుర్రాడి కాలికి రెండు తొక్కుళ్లూ ఒకటే. కంప్యూటరుకు ఒకటి 60 శాతం, ఇంకొకటి 80.

మూడో వేసవిలో రోగం కూడా మొదలైంది. కాలు తీసేశాక కూడా తెర మీద బ్రేకు గీత ఉలిక్కిపడేది. తిన్నటి రోడ్డులో వేగంగా పోతున్న కారు ఉన్నట్టుండి తనంతట తానే బ్రేకు కొట్టుకునేది. కుర్రాడు స్క్రూలు విప్పి, పొటెన్షియోమీటర్ రేకు మూత ఎత్తి, దీపం కిందికి తెచ్చి చూశాడు. లోహపు వేలు రోజూ జారిన చోట కార్బన్ పూత అరిగి, వెంట్రుక మందాన మెరుస్తున్న గీత పడింది. అంచుల్లో కాటుకలాంటి పొడి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిస్తే రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ అదే ఉలికిపాటు.

కొత్త సెట్టు కొనే డబ్బు ఆ ఇంట్లో లేదు. కానీ బెజవాడలో ఆటోనగర్ ఉంది.

లారీలకు బాడీలు కట్టే ఆ పేటలో దొరకని ఇనుము ఉండదు, వంచలేని ఇనుమూ ఉండదు. కుర్రాడు ఒక లేత్ షాపు ముందు నిలబడి, కాగితం మీద గీసుకున్న బొమ్మ చూపించాడు.

“ఏ బండిదిరా ఇది?” అన్నాడు లేత్ మేస్త్రి, చేతికి అంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ.

“బండి కాదు బాబాయ్, కంప్యూటర్‌కి.”

మేస్త్రి కాసేపు బొమ్మనీ కుర్రాణ్నీ మార్చి మార్చి చూశాడు. “కంప్యూటర్ అయినా తొక్కేది కాలేగా. ఆరు ఎంఎం పట్టీ వెయ్యి, వంగదు,” అన్నాడు. పెడల్‌కి రెండో జన్మ ఇచ్చిన మాట అదే. ఆరు మిల్లీమీటర్ల ఇనుప పట్టీ కోశారు, కింద ఇరుసుకు గన్‌మెటల్ బుష్ కొట్టారు. పక్కకు ఒక్క నూలు కూడా ఊగకుండా కూర్చుంది. ఇరుసు నుంచి పాదం ఆనే చోటికి 20 సెంటీమీటర్లు. ఇరుసుకు 5 సెంటీమీటర్ల ఎత్తులో వెనక్కి నెట్టే కడ్డీ. ఈ రెండు అంకెలూ తర్వాత కొంప ముంచాయి.

దూరం బదులు బలం కొలవాలంటే లోడ్ సెల్ కావాలి. కిరాణా కొట్టులో పప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా పళ్లెం కింద ఉండేది అదే. చూడ్డానికి చిన్న అల్యూమినియం దిమ్మ, మధ్యలో చిల్లి. బరువు పడితే ఆ దిమ్మ కంటికి కనపడనంత వంగుతుంది. దాని మీద అతికించిన సన్నటి రేకు తీగలు సాగుతాయి, సాగితే వాటి నిరోధం రవ్వంత పెరుగుతుంది. ఇలా తీగను అతికించి సాగుదల కొలిచే ఉపాయం 1938లో అమెరికాలో ఇద్దరికి విడివిడిగా తట్టింది. కాల్టెక్‌లో ఎడ్వర్డ్ సిమన్స్, ఎంఐటీలో ఆర్థర్ రూజ్. రూజ్ అప్పుడు భూకంపానికి నీళ్ల ట్యాంకులు ఎలా తట్టుకుంటాయో చూస్తున్నాడు. నాలుగు తీగలను కలిపి రవ్వంత తేడాను పట్టే వంతెన సర్క్యూటు ఇంకా పాతది. 1833లో శామ్యూల్ క్రిస్టీ కనిపెడితే, పదేళ్ల తర్వాత చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని లోకానికి చూపించాడు. పేరు మాత్రం వీట్‌స్టన్‌కే మిగిలింది. క్రిస్టీకి అన్యాయం జరిగిందనే ఈ పెడల్ నమ్మకం.

కుర్రాడు 40 కిలోల కాటా సెల్ తెచ్చి బిగించాడు. కాలి బలం పాతిక కిలోలు దాటదు కదా, 40 చాలనుకున్నాడు. మీట లెక్క మరిచిపోయాడు. పాదం 20 సెంటీమీటర్ల దగ్గర, కడ్డీ 5 సెంటీమీటర్ల దగ్గర. అంటే పాదం వేసిన ప్రతి కిలో సెల్ దగ్గరికొచ్చేసరికి నాలుగు కిలోలు. పాతిక కిలోల తొక్కుడు సెల్ మీద 100 కిలోలై పడింది. మూడో రోజుకల్లా దిమ్మ వంగిపోయింది. కాలు తీసినా తెర మీద 3 కిలోలు అలాగే నిలబడి ఉన్నాయి. ఇంట్లో ఇలాంటి పెడల్ కట్టాలనుకునేవాళ్లు ముందు స్కేలు పట్టుకుని ఈ రెండు దూరాలు కొలుచుకోవాలి. సెల్ కొనడం ఆ తర్వాత.

ఈసారి హైదరాబాదు వెళ్లిన స్నేహితుడి చేత కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఉక్కు సెల్ తెప్పించాడు. ఇంగ్లీషు ఎస్ అక్షరంలా ఉంటుంది, 200 కిలోలు మోస్తుంది. 5 వోల్టులిచ్చి పూర్తి బరువు వేసినా దాన్నుంచి వచ్చేది 10 మిల్లీవోల్టులే. ఆ గుసగుసను వినడానికి హెచ్‌ఎక్స్711 అనే చిప్పు పెట్టారు. తూకం యంత్రాల కోసమే చేసిన చిప్పు అది. సంకేతాన్ని 128 రెట్లు పెంచి, 24 బిట్ల అంకెగా మారుస్తుంది.

అంతా కలిపాక కూడా బ్రేకు ఆలస్యంగా పడుతోంది. కారణం దొరకడానికి వారం పట్టింది. ఆ చిప్పు సెకనుకు 10 సార్లు కొలవగలదు, 80 సార్లూ కొలవగలదు. ఏది కావాలో చెప్పేది చిప్పు 15వ కాలు, అంటే పిన్ను. బజార్లో దొరికే బోర్డుల్లో చాలావాటికి ఆ కాలును గ్రౌండుకు కలిపేసి ఉంటారు, అంటే సెకనుకు 10. పప్పు తూచడానికి అది చాలు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో అయిదున్నర మీటర్లు పోతుంది. మలుపు అప్పటికి దాటిపోతుంది.

ఆ రాత్రి కుర్రాడు అమ్మ దగ్గర కుట్టుసూది అడిగి తెచ్చాడు. భూతద్దం పుస్తకాల దొంతర మీద నిలబెట్టి, 15వ కాలి మీది టంకాన్ని వేడి చేసి, సూది మొనతో ఆ కాలును బియ్యపు గింజలో సగమంత పైకి లేపాడు. ఊపిరి బిగబట్టి చేశాడు. పక్క కాలికి తగిలితే బోర్డు పోయినట్టే. లేచిన కాలికి వెంట్రుకంత తీగ అతికి కరెంటు వైపు కలిపాడు. సెకనుకు 80 కొలతలు. అయిదున్నర మీటర్ల ఆలస్యం 70 సెంటీమీటర్లకు దిగింది. ఈ పెడల్‌కి తన ఒంట్లో ఇష్టమైన చోటు ఏదంటే, పైకి లేచి ఉన్న ఆ ఒక్క కాలే.

అంకెలను కంప్యూటరుకు చేరవేసే పని ఆర్డినో లియొనార్డో అనే చిన్న బోర్డుది. యూఎస్‌బీ తీగ గుచ్చగానే దాన్ని కంప్యూటరు ఆటల పెడల్‌గానే గుర్తుపడుతుంది. యాక్సిలరేటరుకు అయస్కాంతం, దాని కదలికను పట్టే హాల్ సెన్సరు పెట్టారు. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల లేదు. క్లచ్చు మాత్రం పాత పొటెన్షియోమీటరుతోనే ఉంది, దానికింకా రోగం రాలేదు.

బలం పెరిగాక ఇంకో చిక్కొచ్చింది. కుర్రాడు కూర్చునేది కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో. 30 కిలోల బలంతో పెడల్‌ను ముందుకు తంతే కుర్చీ అంతే బలంతో వెనక్కి పోయి మంచానికి గుద్దుకునేది. ముందు తాడుతో కట్టి చూశాడు. చివరికి ఆటోనగర్ పాత సామాన్లలో ఒక కారు సీటు పట్టుకొచ్చి, సీటునూ పెడళ్లనూ ఒకే ఇనుప చట్రానికి బిగించాడు. తొక్కిన బలం చట్రంలోనే తిరిగి తిరిగి సర్దుకుంది. మంచం ఊపిరి పీల్చుకుంది.

అమ్మ గుమ్మంలో నిలబడి, “ఈ ఆటలు అన్నం పెడతాయిరా?” అన్నప్పుడల్లా కుర్రాడు ఒక పేరు చెబుతాడు. జాన్ మార్డెన్‌బరో. ప్లేస్టేషన్‌లో కారు తోలిన బ్రిటిష్ కుర్రాడు, 2011లో జీటీ అకాడమీ పోటీ గెలిచి నిజం కారెక్కాడు, 2013లో లె మాన్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానంలో నిలిచాడు. అమ్మ విని వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చినప్పుడు చేతిలో మజ్జిగ గ్లాసు ఉంటుంది.

ఇక మిగిలింది తొక్కినప్పుడు కాలికి తగిలే తీరు. లోడ్ సెల్ వంగినట్టే ఉండదు కనుక దాని ముందు రబ్బరు పెట్టకపోతే గోడను తన్నినట్టుంటుంది. కుర్రాడు షాక్ అబ్జార్బర్ రబ్బరు బుష్‌లు మూడు వరసగా దూర్చాడు. 35 కిలోలను నూరు శాతంగా పెట్టుకున్నాడు. అసెట్టో కోర్సా అనే ఆటలో అతనికిష్టమైన కారు లోటస్ 49. 1967 నాటి బండి, రెక్కలుండవు, చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ ఉండదు. మోంజా రేసు ట్రాక్ మీద దాన్ని ఆపడం ఈ పెడల్‌కి ఇప్పటికీ పరీక్షే. వేగంలో ఉన్నప్పుడు గట్టిగా పడాలి. మలుపులోకి తిరుగుతున్నకొద్దీ బలం తగ్గుతూ రావాలి. తొక్కడం కుర్రాడికి వచ్చేసింది. వదలడం రాలేదు. తెర మీద బ్రేకు గీత కొండలా ఎక్కి, బావిలో పడ్డట్టు పడిపోయేది. కారు వెనక భాగం గిర్రున తిరిగేది.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. మచిలీపట్నం రూటు. ఒక ఆదివారం మధ్యాహ్నం గదిలోకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశాడు.

“ఏదీ, లే.”

కూర్చుని ఒకసారి తొక్కాడు. “మొదట్లోనే రాయిలా ఉందేంట్రా? కాలికి కాస్త దారియ్యాలి. మా బండి బ్రేకు మొదట మెత్తగా పోయి తర్వాత పట్టుద్ది.” కుర్రాడు ఒక రబ్బరు తీసి ఆ చోట చిన్న స్ప్రింగు వేశాడు. నాన్న మళ్లీ తొక్కి తల ఊపాడు.

“నాన్నా, ఒకసారి 20 దాకా తొక్కి మెల్లగా వదులు. గీత చూస్తా.”

“మెల్లగా వదలకపోతే ఎట్లారా? బస్సు ఆగే ముందు చివర్లో కాలు తేలిక చెయ్యకపోతే నిలబడ్డోళ్లంతా నా మీదికొస్తారు.”

పెడల్ ఆ పాదాన్ని అంతకుముందు ఎరగదు. బరువైన మడమ నేలకు ఆనించి, ముందుపాదం మాత్రం మీద పెట్టాడు. 22 కిలోల దగ్గర నిలబెట్టాడు, అంకె అటూ ఇటూ అర కిలో కూడా కదల్లేదు. తర్వాత 18, 13, 9, 5, 2. ఎక్కడా కుదుపు లేదు. తెర మీద గీత కృష్ణ ఒడ్డున రేవు మెట్లు దిగినట్టు దిగి సున్నాకు చేరింది.

కుర్రాడు ఆ గీతను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. తర్వాత అడిగాడు, “నాన్నా, ఇంకోసారి?”

నాన్న వంగి చెప్పులు విప్పి పక్కన పెట్టి, మళ్లీ సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.