బై అండ్ లార్జ్: వాడే విధానం, జాగ్రత్తలు

ఇంగ్లీషులో ‘బై అండ్ లార్జ్’ అంటే మొత్తం మీద, చాలావరకు అని అర్థం. పదిమందిని కూడా చూడకుండా ఊరందరి గురించి తీర్పు చెప్పదలచినవారికి అత్యవసర సామగ్రి. అధికారుల నివేదికల్లో, ఎన్నికల వార్తల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల మినిట్స్‌లో విరివిగా దొరుకుతుంది. ఇందులోని లార్జ్‌కూ, బార్లలో పోసే 60 మిల్లీలీటర్ల లార్జ్‌కూ చుట్టరికం లేదు. అయితే రెండిటిలో ఏది ఎక్కువైనా మాట తూలుతుంది.

ఈ మాట పుట్టింది తెరచాపల ఓడల మీద. వచ్చే గాలికి వీలైనంత ఎదురుగా ఓడ నడపడాన్ని ఇంగ్లీషు నావికులు ‘బై’ అన్నారు. గాలి వెనకనుంచి తోస్తుంటే హాయిగా సాగిపోవడం ‘లార్జ్’. అడ్డంగా తెరచాపలు కట్టిన పెద్ద ఓడ నేరుగా ఎదురుగాలిలోకి పోలేదు. సుమారు 67 డిగ్రీలు పక్కకు తిరిగి, అటొక మలుపు ఇటొక మలుపు తీసుకుంటూ ముందుకు పాకాలి. అందుకే రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడను మెచ్చుకోవడానికి ఈ జంటపదం అక్కరకొచ్చింది. 1669లో వెలువడిన శామ్యూల్ స్టర్మీ నావికా గ్రంథం ‘ది మారినర్స్ మ్యాగజీన్’లో ఇది కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఒడ్డెక్కి అందరి నోళ్లలో పడింది. ఓడ మీద రెండు గాలుల్లోనూ పరీక్షించాక అనే మాటను, ఒడ్డున ఏ పరీక్షా లేకుండానే అనడం మొదలైంది. మిగిలింది గాలివాటం ఒక్కటే.

విన్నది విన్నట్టు రాసేవారు దీన్ని ‘బై ఇన్ లార్జ్’ అనీ, ‘బై ఎన్‌లార్జ్’ అనీ రాస్తారు. రెండూ తప్పే. రెండోది ఫొటో స్టూడియో బోర్డుకు నప్పుతుంది.

వాక్యం మొదట్లో వస్తే దీని తర్వాత కామా పెట్టాలి. మధ్యలో విడిగా చొరబడితే రెండువైపులా పెట్టాలి. విశేషణాన్ని ఆనుకుని వస్తే కామా లేకుండానూ నడుస్తుంది. నామవాచకం ముందు మాత్రం నిలబెట్టకూడదు: ‘బై అండ్ లార్జ్ పీపుల్’ అనే జాతి ఏ జనాభా లెక్కల్లోనూ లేదు.

‘ఆల్’, ‘ఎవ్రీ’, ‘ఆల్వేస్’లతో దీనికి పొత్తు కుదరదు. ‘మొత్తం మీద అందరూ తృప్తిగా ఉన్నారు’ అన్నప్పుడు మొదటి మాట మినహాయింపుకు తలుపు తీస్తే, రెండో మాట గడియ పెడుతుంది. కచ్చితమైన అంకెతోనూ పొసగదు. ‘బై అండ్ లార్జ్ 37 మంది’ అని రాసినాయన లెక్క పెట్టాడో, నిద్రపోయాడో తేలదు.

దీని మహిమంతా మినహాయింపులను కనపడకుండా దాచడంలో ఉంది. తెలుగు పత్రికల్లో ఈ కొలువు చేసేది ‘చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం’ అనే శీర్షిక. తల పగిలినవాడు చెదురుమదురులో పడతాడు. ప్రశాంతత వాక్యం చివర కూర్చుని ముగింపు పలుకుతుంది. వ్యాకరణం ప్రకారం ఇందులో దోషమేమీ లేదు.

అపప్రయోగాల్లో పెద్దది, ఒకరిద్దరిలో చూసిన గుణాన్ని ఈ మాట తగిలించి ఒక జిల్లాకో, ఒక తరానికో అంటగట్టడం. ఎవరైనా నొచ్చుకుంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘మిమ్మల్ని అనలేదండీ!’ ఆ జిల్లావాసులంతా వరసగా వచ్చి నిలదీసినా ఒక్కొక్కరికీ అదే జవాబు దొరుకుతుంది. చివరి మనిషి వెళ్లిపోయేసరికి ఆ తీర్పు వర్తించేవారు ఒక్కరూ మిగలరు; తీర్పు మాత్రం చెక్కుచెదరదు.

సరైన వాడకానికి షరతులు రెండు. ఎక్కువమంది సంగతి రాసేవారికి నిజంగా తెలిసి ఉండాలి. మినహాయింపు ఎవరని అడిగితే చూపించగలగాలి. ఈ రెండూ లేనప్పుడు ‘సమ్’ అనే చిన్న మాట సరిపోతుంది. దానికి కామా ఖర్చు కూడా ఉండదు.