బొమ్మకి మీ బాల్యం నేర్పడం ఎలా?

సంక్రాంతికి ఊరెళ్ళి, ఒక బొమ్మని పెట్టి మీ బాల్యాన్ని ఫోటోలు తీయాలనుకుంటున్నారా? ముందుగా ఒక హెచ్చరిక. అటక మీది ట్రంకుపెట్టె జోలికి వెళ్ళకండి. మీరు నిజంగా ఆడుకున్న గుడ్డబొమ్మ అందులో ఉండే ప్రమాదం ఉంది. అమ్మమ్మ పాత చీర చింపి కుట్టింది, బొత్తాం కళ్ళలో ఒకటి ఊడిపోయింది, కొబ్బరినూనె చేతులతో పట్టుకుని పట్టుకుని నల్లబడింది. దాన్ని చూశారంటే అటక మీదే చతికిలబడతారు. సంక్రాంతి సెలవులు మూడే రోజులు. ఫోటోల పని చెడుతుంది.

కాబట్టి కొత్త బొమ్మ కొనండి. కొండపల్లిలో బొమ్మలు చేసే వీధికి వెళితే తెల్లపొణికి కర్ర చెక్కుతూ, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తూ కనిపిస్తారు. నిలబడి చూడకండి. అతుకు ఎక్కడుందో, దాని వెనక ఎంత పనుందో తెలిస్తే తర్వాత విరిచేటప్పుడు చేతులు రావు. బేరం మాత్రం గట్టిగా ఆడండి. కాఫీకి మూడు వందలు ఇచ్చి వచ్చిన మనిషి బొమ్మ దగ్గర పొదుపు చూపించకపోతే ఇంకెక్కడ చూపిస్తాడు?

ఇక జ్ఞాపకం. మీ బాల్యం కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో గడిచి ఉంటే దిగులు పడకండి, అమ్మ బాల్యం వాడుకోండి. అయితే అమ్మకి ఫోన్ చేసి వివరాలు అడగొద్దు. ఉయ్యాల కట్టింది మామిడిచెట్టుకి కాదు, పశువుల పాక దూలానికి అంటుంది. తాడు తెగి తను పడితే చెయ్యి విరిగిందనీ, పుత్తూరు కట్టు కట్టించారనీ, ఆ ఏడాది బడి మానేసిందనీ మొదలుపెడుతుంది. ఫోటోకి ఇవేవీ పనికిరావు. మనకి కావలసింది మామిడిచెట్టు, ఉయ్యాల, నవ్వుతున్న బొమ్మ.

అట్లతద్దితో ప్రారంభించండి. ఆడపిల్లలు ఆశ్వయుజ బహుళ తదియ నాడు కోడి కూయకముందే లేచి, గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని, చీకట్లో ఆడుకుని ఉయ్యాలలూగే పండగ అది. ఆ చీకటితో మీకేం పని? సంక్రాంతి సెలవుల్లోనే, మిట్టమధ్యాహ్నం భోజనం చేసి తాంబూలం వేసుకున్నాక తీయండి. సూర్యుడు బాగా పైకెక్కి ఉంటాడు, వెలుతురుకి లోటుండదు. ముక్కు నీడ పెదవి మీద పడి పెళ్ళికాని పిల్లకి మీసం వస్తే, ధైర్యవంతురాలు అని రాసుకోవచ్చు. ఎదురుగా తెల్లకాగితం పట్టుకుంటే ఆ నీడ పోతుందని ఎవరైనా చెబితే, కాగితం పట్టుకోవడానికి మనిషెవరని అడగండి.

నీళ్ళబిందె ఎత్తుకున్న కొండపల్లి పడుచు ఉయ్యాల మీద కూర్చోదు. ఆమెని చెక్కినవాడు నిలబెట్టే చెక్కాడు. మోకాలు దగ్గర కాస్త వంచి చూడండి. టక్కుమంటే భయపడకండి. గాలికి పడిపోకుండా కింద బెల్లం ముద్ద పెట్టండి. చీమలు పడితే అదీ పల్లె వాతావరణమే.

తీసేటప్పుడు నిటారుగా నిలబడి, పైనుంచి తీయండి. నేల మీద బోర్లా పడుకుని, ఫోన్‌ని బొమ్మ మొహానికి సమానంగా పెడితే జానెడు బొమ్మ మనిషంత అవుతుందట, గరికపోచలు చెట్లవుతాయట, ఐదేళ్ళ పిల్ల కంటికి లోకం ఎలా ఉండేదో అలా కనిపిస్తుందట. కొత్త పంచెకి మట్టంటుతుంది. వెనక కొండపల్లి ఖిల్లా రావాలన్న పట్టుదల మాత్రం వదలకండి. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో వెనకనున్నవన్నీ అలుక్కుపోతాయి కనుక ఖిల్లా బూడిదకుప్పలా వస్తుంది. అది ఖిల్లా అని కింద రాస్తే సరిపోతుంది.

ఏటికొప్పాక లక్కబొమ్మ తెచ్చుకున్నవాళ్ళు దాన్ని కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి తిప్పండి. తరిణి మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క అద్దితే, రాపిడి వేడికి కరిగే కదా పట్టింది, దానికి వేడి కొత్తా? 2025 గణతంత్ర దినోత్సవానికి శకటమెక్కి ఢిల్లీలో ఊరేగిన జాతి అది. మీ పంటకాలవలో రెండు మునకలకి ఏమీ కాదు.

అసలు చిక్కు పిల్లలతో వస్తుంది.

మీరు నాలుగు మామిడి మండలు గుచ్చి బొమ్మల పెళ్ళికి పందిరి వేసేసరికి ఎక్కడివాళ్ళో అక్కడినుంచి దిగుతారు. పెళ్ళికూతురు ఒక్కతే ఉందేమిటని అడుగుతారు. ఒకడు పరిగెత్తుకెళ్ళి మొక్కజొన్న కండెకి గుడ్డపీలిక చుట్టి పెళ్ళికొడుకుని తెస్తాడు. ఇంకో పిల్ల కొబ్బరిచిప్పలో ఇసుక పోసి అన్నం వండేస్తుంది. మూడోది కట్నం దగ్గర మగపెళ్ళివారితో తగాదా పెట్టుకుంటుంది. మీ ఫ్రేములో ఇవేవీ లేవు. కండె రంగు మీ పందిరికి నప్పదు. మెత్తగా చెబితే వినరు, గదమాయించండి. ‘అంకుల్, ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తా’ అని ఎవరైనా చెయ్యి చాపితే, ఇది ఆటబొమ్మ కాదమ్మా, 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళ అని చెప్పండి. ఆ పిల్ల మొహం చూసి కరిగిపోకండి. ఇంత చెప్పినా వినక బొమ్మని చంకనేసుకుని గట్టు మీద పరుగు తీస్తే, వెనకే మిగతావాళ్ళు కేకలేస్తూ వెళితే, అప్పుడు మాత్రం ఫోటో తీయొద్దు. కదిలిపోయి వస్తుంది. పైగా బొమ్మ మొహం కెమెరా వైపు ఉండదు.

అందరూ వెళ్ళాక కండెనీ ఇసుకన్నాన్నీ కాలితో పక్కకి నెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. నేల మీద వాళ్ళ అడుగులుంటే చెరిపేసే యాప్‌లున్నాయి.

చివరికి ఫోటోని నలుపు తెలుపు చేయండి. మీరు పుట్టేనాటికే పెళ్ళి ఆల్బములన్నీ రంగుల్లో ఉన్న మాట నిజమే కానీ, రంగులుంటే బాల్యమని ఎవరూ నమ్మరు. కింద ‘ఆ రోజులే వేరు’ అని రాసి మూడు చుక్కలు పెట్టండి. పావుగంటలో మీ చెల్లెలు వచ్చి, ‘అన్నయ్యా, నువ్వు బొమ్మలాటలెప్పుడు ఆడావురా? నా బొమ్మని బావిలో పడేసింది నువ్వే కదా’ అని కామెంటు పెడుతుంది. వెంటనే తీసేయండి. మోకాలు విరిగిన పడుచుని ఇంట్లో బొమ్మల కొలువులో అంబారీ ఏనుగు వెనక సర్దేయండి. పేరంటానికొచ్చినవాళ్ళకి ఏనుగే కనిపిస్తుంది. అమ్మ అడిగితే దారిలో బస్సు కుదుపుకి విరిగిందని చెప్పండి.