నీళ్లు శుద్ధమే, నల్లా సంగతేంటి?

బీర్పూర్‌లోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా తాగునీటి మీద మన అనుమానమంతా పైవాళ్ల మీదే. ట్యాంకు కడిగారా, క్లోరిన్ కలిపారా అని నిలదీస్తాం. నిలదీయాల్సిందే. కానీ 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లను ఇంటి దాకా తెచ్చి వదిలేస్తుంది. గడప దాటాక ఏలుబడి మనది. సీసం, రాగి ఎక్కువగా నీళ్లలో కలిసేది ఈ సొంత రాజ్యంలోనే. నల్లాలు చేసే ఇత్తడిని సులువుగా చెక్కడానికి అందులో కాస్త సీసం కలుపుతారు. రాత్రంతా నల్లాలో నిలిచిన నీరు దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. పీవీసీ పైపుల తయారీలోనూ సీసం వాడుతూ వచ్చారు. దాన్ని మాన్పించే నిబంధనలు కేంద్రం 2021లో తెచ్చింది. అప్పటికే గోడలో పూడ్చేసిన పైపుకు ఆ నోటీసు అందించే బంట్రోతు మాత్రం ఇంకా పుట్టలేదు. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, సడలింపు లేదు. రంగు, రుచి, వాసన లేని ఈ అతిథిని మరిగించి తరిమేద్దామనుకుంటే, నీరు ఆవిరై పోతుంది, సీసం అక్కడే కూర్చుంటుంది.

అమెరికా గొడవలు మనకెందుకంటారా? 2014లో ఫ్లింట్ నగరం నీటి వనరును నదికి మార్చి, నీరు పైపులను తినకుండా కలపాల్సిన మందు కలపలేదు. విషం నదిలోంచి రాలేదు, పాత పైపుల్లోంచి వచ్చింది. నీటికి ఊరి పేరుతో పనిలేదు.

అసలు వేడుక వంటింట్లో ఉంది. ఇరవై లీటర్ల ఆర్వో క్యాను కొంటాం. లవణాలు ఊడ్చేసిన ఆ నీళ్లకు లోహాన్ని కరిగించే గుణం ఎక్కువ. వాటినే రాగి చెంబులో పోసి తెల్లారేదాకా ఉంచుతాం. డబ్బిచ్చి ఖనిజాలు తీయించి, మళ్లీ డబ్బిచ్చి ఇంకో లోహం కలుపుకోవడం మనకే చెల్లింది. మా తాత రాగి చెంబుతోనే తొంభై ఏళ్లు బతికాడంటారు. రాగి క్రిములను చంపే మాట నిజమే. మామూలు నీళ్లయితే దిగే రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపే ఉండొచ్చు. కానీ ఆ తాతలు పులుసు గిన్నెలకు కళాయి పెట్టించేవారు, మనం అదే చెంబులో నిమ్మకాయ పిండుతున్నాం. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచిన పాలు తాగి పసిపిల్లల కాలేయం పాడవడం ఇక్కడ ఎంత మామూలంటే, వైద్యులు ఆ జబ్బుకు మన దేశం పేరే పెట్టారు. స్టీలు గిన్నెలొచ్చాక అది దాదాపు కనుమరుగైంది. బతికిన తాత కథ చెప్పుకున్నాడు, ఆ పసివాళ్లకు ఆ అవకాశం లేకపోయింది.

కాబట్టి పొద్దున నల్లాలో వచ్చే మొదటి బకెట్టు అంట్లకో మొక్కలకో పోయండి, గీజరు నీళ్లతో వంట చేయకండి, రాగి చెంబులో పులుపు పోయకండి. నీటి పరీక్షలు చేసే అధికార్లకూ ఒక మనవి: ట్యాంకు దగ్గర నమూనాతో పాటు, తెల్లవారుజామున ఇంటి నల్లాలోంచి పడే మొదటి లీటరును కూడా సీసాలో పట్టుకెళ్లండి.